అప్పు తప్పిన నాడు: ఋణ ప్రమాదం, దాని పేరిట సాగే వ్యాపారం

2009 నవంబరు 25, బుధవారం. బక్రీదు సెలవులు మొదలు కాబోతున్న సమయం. దుబాయి ప్రభుత్వం నుండి ఒక చిన్న ప్రకటన వెలువడింది. ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్న 'దుబాయి వరల్డ్' సంస్థ, దాని అనుబంధ కంపెనీ 'నఖీల్' తమ ఋణదాతలను కనీసం 2010 మే 30 వరకు ఆగవలసిందిగా కోరుతున్నాయన్నదే దాని సారాంశం. ప్రకటన కొద్ది పంక్తులే. కాని ఒకటి రెండు రోజులలోనే లండను మొదలు ఆసియా నగరాల దాకా షేర్ల బజార్లు కంపించాయి. సముద్రంలో ఇసుక పోసి ఖర్జూర వృక్షం ఆకారంలో దీవిని నిలబెట్టిన కంపెనీ అప్పు తీర్చలేకపోవడమేమిటని లోకం విస్తుపోయింది. ఆ భవనాలకు రాళ్ళెత్తిన కూలీలలో కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వారు కూడా ఉన్నారు. అక్కడ పనులు ఆగితే ఆ సెగ ఇక్కడి ఇళ్ళకు తగలక మానదు.

ఆ సమయంలో అందరి దృష్టీ డిసెంబరు 14న చెల్లించవలసిన ఒక బాకీపై నిలిచింది. అది మామూలు వడ్డీ బాండు కాదు. ఇస్లామీయ పద్ధతిలో జారీ చేసిన 'సుకూక్'. దాని అసలు 352 కోట్ల డాలర్లు. సుకూక్‌లో డబ్బు పెట్టినవాడు ఋణదాత కాడు, ఆస్తిలో భాగస్వామి అని అంతవరకు చెబుతూ వచ్చారు. అట్లయితే అప్పు తప్పడమనే ప్రశ్న ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం దొరకాలంటే ముందు ఋణ ప్రమాదం అంటే ఏమిటో, బజారు పరిభాషలో 'క్రెడిట్ ఈవెంట్' అని దేనిని అంటారో తెలుసుకోవాలి.

ఋణ ప్రమాదం ఎట్లా లెక్కిస్తారు?

అప్పు ఇచ్చేవాని మనస్సులో రెండు అనుమానాలుంటాయి. ఇచ్చినది తిరిగి వస్తుందా? రాకపోతే అందులో ఎంత పోతుంది? ఆర్థికవేత్తలు వేసే పెద్ద పెద్ద లెక్కలన్నీ ఈ రెండు అనుమానాల చుట్టూ తిరిగేవే.

ఒక సంస్థ నూరుమందికి తలా లక్ష రూపాయల చొప్పున కోటి రూపాయలు అప్పు ఇచ్చిందనుకొందాం. వారిలో ముగ్గురు చెల్లించలేకపోవచ్చునని పూర్వానుభవం చెబుతున్నది. ఆ ముగ్గురి తాకట్టు వస్తువులు అమ్మితే తలా 40 వేలు వస్తాయి. అంటే ఒక్కొక్కరి వద్ద 60 వేల చొప్పున మొత్తం 1,80,000 రూపాయల నష్టం. నూటికి 1 రూపాయి 80 పైసలు. వడ్డీ వ్యాపారి ఈ మొత్తాన్ని తన వద్ద ఉంచుకోడు, ముందుగానే వడ్డీ రేటులో కలిపివేస్తాడు. అనగా చెల్లించలేని ముగ్గురి భారాన్ని సక్రమంగా చెల్లించే తొంభై ఏడుగురు మోస్తారన్న మాట. ఎవని పరిస్థితి బలహీనమో వానిపై వడ్డీ మరింత ఎక్కువ వేస్తారు. పేదవానికి అప్పు ఖరీదు కావడానికి ఇది ఒక కారణం.

ఈ లెక్కలో ఒక పెద్ద లోపం ఉన్నది. నూరుమందీ నూరు రకాల వృత్తులలో ఉన్నంతవరకే ముగ్గురు తప్పుతారన్న అంచనా పనిచేస్తుంది. ఆ నూరుమందీ అనంతపురం జిల్లాలో వర్షాధారపు వేరుసెనగ వేసే రైతులే అయితే? వాన పడిన ఏడు అందరూ చెల్లిస్తారు. వాన లేని ఏడు ముగ్గురు కాదు, ఎనభైమంది తప్పవచ్చు. విడివిడిగా చూస్తే చిన్నవిగా కనిపించే ప్రమాదాలు ఒకే కారణంతో ముడిపడి ఉంటే ఒకేసారి విరుచుకుపడతాయి. 2008లో అమెరికాలో ఇళ్ళ అప్పుల విషయంలో జరిగినది ఇదే. ఇళ్ళ ధరలు దేశమంతటా ఒకేసారి పడిపోతాయని లెక్కలు కట్టినవారు ఊహించలేదు.

రేటింగు సంస్థల మాట కూడా అంతే. మన దేశంలో ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. అనే భారీ సంస్థకు 2018 ఆగస్టు ఆరంభం దాకా అత్యుత్తమమైన 'ఏ.ఏ.ఏ.' రేటింగు ఉండేది. సెప్టెంబరు మధ్యకల్లా అది 'డి'కి, అనగా చెల్లింపు తప్పిన స్థాయికి దిగజారింది. ఆ సంస్థ సముదాయం మొత్తం అప్పులు సుమారు 91 వేల కోట్ల రూపాయలు. రేటింగు అనేది ఒక అభిప్రాయం మాత్రమే గాని పూచీ కాదని దీనిని బట్టి స్పష్టమవుతున్నది.

ఎప్పుడు తప్పినట్లు?

మన ఊళ్ళలో ఫలానా షావుకారు 'ఐ.పి. పెట్టాడు' అంటే అందరికీ అర్థమవుతుంది. అతడు కోర్టుకు వెళ్ళి దివాలా దరఖాస్తు పెట్టుకొన్నాడన్న మాట. కాని దివాలాకు ముందు ఎన్నో దశలుంటాయి. గడువు నాడు డబ్బు అందలేదు. వారం తరువాత అందింది. అప్పు తప్పినట్లా, కానట్లా?

దీనికి ఒకే కొలబద్ద లేదు. మన బ్యాంకుల విషయంలో వాయిదా 90 రోజులు మించి బాకీపడితే ఆ అప్పును నిరర్థక ఆస్తిగా పరిగణిస్తారు. రేటింగు సంస్థలు బాండ్ల విషయంలో ఇంకా కఠినంగా ఉంటాయి. ఒక్క రూపాయి ఒక్క రోజు ఆలస్యమైనా తప్పినట్లే. అంతర్జాతీయ బజారులో మరొక కొలబద్ద ఉన్నది. 1985లో ఏర్పడిన 'ఇస్డా' అనే వ్యాపారుల సంఘం రూపొందించిన నిర్వచనాలే అక్కడ ప్రమాణం. అవి చెప్పే ఘటనలను 'క్రెడిట్ ఈవెంట్లు' అంటారు. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

మొదటిది దివాలా. రెండవది చెల్లింపు వైఫల్యం, అనగా అనుగ్రహ గడువు కూడా దాటిన తరువాత నిర్ణీత మొత్తాన్ని చెల్లించకపోవడం. మూడవది పునర్వ్యవస్థీకరణ, అనగా ఇబ్బందుల వలన అసలు తగ్గించడం, గడువు పొడిగించడం వంటి మార్పులను ఋణదాతలందరికీ వర్తించేటట్లు చేయడం. నాల్గవది నిరాకరణ లేక మారటోరియం. ఇది ఎక్కువగా ప్రభుత్వాలకు సంబంధించినది. ఐదవది, ఒక షరతు ఉల్లంఘన జరిగినందువలన గడువు రాకముందే మొత్తం బాకీ ఒకేసారి మీద పడడం. 2014లో ప్రభుత్వ జోక్యం అనే మరొక ఘటనను కూడా చేర్చారు. సంక్షోభంలో పడిన బ్యాంకు బాండ్లను ప్రభుత్వమే రద్దు చేయడం వంటివి దీని క్రిందికి వస్తాయి.

ఘటన జరిగినదా లేదా అన్నది నిర్ణయించేది ఏ న్యాయస్థానమో కాదు. 2009 నుండి ప్రాంతాల వారీగా నిర్ణాయక కమిటీలు పనిచేస్తున్నాయి. వాటిలో ఓటు వేసేవారు ఆ బజారులో పాల్గొనే పెద్ద బ్యాంకులు, పెట్టుబడి సంస్థలే. గ్రీసు దేశం విషయంలో ఈ విధానం లోకానికి బాగా తెలిసివచ్చింది. 2012 మార్చి 1న ఇంకా క్రెడిట్ ఈవెంటు జరగలేదని కమిటీ ప్రకటించింది. ఎనిమిది రోజుల తరువాత మార్చి 9న జరిగినదని ప్రకటించింది. ఈ మధ్యలో గ్రీసు ఆర్థిక స్థితి కొత్తగా మారినదేమీ లేదు. అంగీకరించని ఋణదాతలకు కూడా నూటికి 53న్నర వంతుల కోతను బలవంతంగా వర్తింపజేయడమే ఆ మార్పు. సమ్మతితో వదులుకొంటే ఘటన కాదు, బలవంతంగా వదిలిస్తే ఘటన. ఒక్క మాట నిర్వచనంపై కోట్ల డాలర్లు చేతులు మారాయి.

పూచీ కాని పూచీ

ఈ నిర్వచనాలకు అంత విలువ ఎందుకు? వాటిపై ఒక పెద్ద వ్యాపారం నిలబడి ఉన్నది గనుక. దాని పేరు క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్. అప్పు ఇచ్చినవాడు మూడవ వ్యక్తికి ఏటా కొంత రుసుము చెల్లిస్తాడు. ఋణగ్రహీత చెల్లింపు తప్పితే ఆ మూడవ వ్యక్తి నష్టాన్ని భర్తీ చేస్తాడు. కోటి రూపాయల అప్పుకు ఏడాదికి నూటికి రెండు చొప్పున రెండు లక్షలు కడుతున్నాడనుకొందాం. అప్పు తప్పి, నూటికి 40 మాత్రమే వసూలయ్యేటట్లయితే మిగిలిన 60 లక్షలు అతనికి వస్తాయి. రుసుము పెరిగినదంటే ఆ ఋణగ్రహీతపై బజారుకు అనుమానం పెరిగినదని అర్థం.

ఈ పద్ధతికి ప్రసిద్ధమైన తొలి ఉదాహరణ 1994 నాటిది. 1989లో అలాస్కా తీరంలో నౌక నుండి చమురు ఒలికిపోయిన ఘటనలో ఎక్సాన్ కంపెనీ భారీ నష్టపరిహారం చెల్లించవలసిన ప్రమాదం ఎదురైంది. అందుకై జె.పి. మోర్గాన్ బ్యాంకు దానికి 480 కోట్ల డాలర్ల ఋణ సదుపాయం కల్పించి, ఆ ప్రమాదాన్ని రుసుముపై ఐరోపా పునర్నిర్మాణ అభివృద్ధి బ్యాంకుకు బదిలీ చేసింది. ఇంతవరకు ఇది బీమా వంటిదే అనిపిస్తుంది.

కాని బీమాకూ దీనికీ ఒక భేదం ఉన్నది. నా ఇంటికి నేను బీమా చేయించుకోవచ్చును గాని, పొరుగువాని ఇంటికి నా పేర బీమా చేయించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అట్లా ఒప్పుకొంటే ఆ ఇంటికి నిప్పంటుకోవాలని కోరుకొనేవాడు ఒకడు తయారవుతాడు. ఈ స్వాప్ బజారులో అట్టి నిబంధన లేకపోయింది. ఎవరికీ ఒక్క డాలరు అప్పు ఇవ్వనివాడు కూడా ఒక కంపెనీ కూలిపోతుందని పందెం కట్టవచ్చు. అందువలననే 2007 చివరినాటికి ఈ ఒప్పందాల ముఖ విలువ సుమారు 58 లక్షల కోట్ల డాలర్లకు చేరింది. ఒకే అప్పుపై పదిమంది పందెం కట్టగలిగితే అంకెకు హద్దు ఎక్కడిది?

2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ బ్యాంకు 61,300 కోట్ల డాలర్ల అప్పులతో దివాలా ప్రకటించింది. అక్టోబరు 10న జరిగిన వేలంలో దాని బాండు విలువ డాలరుకు 8.625 సెంట్లుగా తేలింది. పూచీ అమ్మినవారు మిగిలిన 91 పైచిలుకు సెంట్లు చెల్లించుకోవలసి వచ్చింది. అయితే చాలామంది ఒకచోట అమ్మి మరొకచోట కొని ఉన్నందున, పరస్పర బాకీలు కొట్టివేయగా నికరంగా చేతులు మారినది సుమారు 520 కోట్ల డాలర్లే. ఒక్కవైపే అమ్మినవారి గతి వేరు. ఎ.ఐ.జి. అనే బీమా సంస్థ ఇళ్ళ అప్పులతో కూర్చిన పత్రాలపై విపరీతంగా పూచీలు అమ్మింది. ఆ పత్రాల విలువ పడిపోవడం, దాని సొంత రేటింగు తగ్గడంతో అదనపు హామీ సొమ్ము కట్టవలసిందిగా అవతలి పక్షాలు పట్టుబట్టాయి. కట్టలేక చేతులెత్తివేసే స్థితిలో సెప్టెంబరు 16న అమెరికా కేంద్ర బ్యాంకు 8,500 కోట్ల డాలర్ల ఋణంతో దానిని ఆదుకొన్నది. పూచీదారుకే పూచీ కావలసి వచ్చింది! అప్పు లేకుండా ప్రభుత్వాల దివాలాపై పందెం కట్టడాన్ని ఐరోపా సమాజం 2012 నవంబరు నుండి నిషేధించింది.

సుకూక్ కూడా తప్పుతుందా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. సుకూక్ సిద్ధాంతం సుందరమైనది. పెట్టుబడిదారులు ఒక ఆస్తిని కొంటారు. దానిని కంపెనీకి అద్దెకు ఇస్తారు. అద్దెయే వారి లాభం. ఆస్తికి నష్టం వస్తే అది కూడా వారిదే. నఖీల్ సుకూక్ 2006 డిసెంబరులో ఈ 'ఇజారా' పద్ధతిలోనే జారీ అయింది.

ఆచరణలో మాత్రం అధిక భాగం సుకూక్‌లలో ఒక షరతు ఉంటుంది. గడువు తీరిన నాడు కంపెనీ అదే ఆస్తిని ముందుగా నిర్ణయించిన ధరకు తిరిగి కొంటుంది. ఈ వాగ్దానంతో పెట్టుబడిదారు దృష్టి ఆస్తిపై నుండి కంపెనీ చెల్లింపు శక్తి మీదికి మళ్ళుతుంది. పేరుకు ఆస్తిలో వాటా, లోపల మాత్రం కంపెనీ పూచీ. అందుకే దుబాయి ప్రకటన వినగానే ఎవరూ మన భూమి ఎక్కడున్నదని అడగలేదు, దుబాయి ప్రభుత్వం పూచీ ఉన్నదా అనే అడిగారు. ప్రభుత్వ యాజమాన్యం కనుక ప్రభుత్వమే ఆదుకొంటుందని చాలామంది ఊహించారు. ఈ అప్పులకు ప్రభుత్వం పూచీ లేదని ఆ నెలాఖరునే అధికారులు తేల్చి చెప్పారు. చివరకు డిసెంబరు 14న అబూధాబీ 1,000 కోట్ల డాలర్లు సమకూర్చగా, అందులో 410 కోట్లతో నఖీల్ సుకూక్ బాకీ పూర్తిగా తీరింది. గండం గడిచింది. కాని గడిపినది సుకూక్ నిర్మాణం కాదు, పొరుగు రాజ్యం ఔదార్యం.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. అమెరికాలోని ఈస్ట్ కామెరాన్ గ్యాస్ కంపెనీ 2006లో సుకూక్ జారీ చేసి 2008 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది. ఇది ఉత్త అప్పేనని కంపెనీ వాదించగా, సుకూక్‌దారులకు గ్యాసు ఆదాయ హక్కులలో నిజమైన యాజమాన్యం ఉన్నదన్న వాదాన్ని న్యాయాధిపతి ప్రాథమిక దశలో త్రోసిపుచ్చడానికి నిరాకరించాడు. ఆస్తి నిజంగా చేతులు మారిన చోట ఆపదలో అది అండగా నిలబడుతుంది.

షరీఅత్ ఒక మరుగు కాదు

2017లో మన సమాజం సిగ్గుపడవలసిన ఒక వివాదం వచ్చింది. షార్జాకు చెందిన డానా గ్యాస్ కంపెనీ 2007లో 100 కోట్ల డాలర్ల సుకూక్ జారీ చేసి, 2012 అక్టోబరులో చెల్లించలేక గడువు పొడిగించుకొన్నది. ఈజిప్టు, ఇరాకీ కుర్దిస్తాన్‌ల నుండి దానికి రావలసిన బాకీలు సకాలంలో రాకపోవడం వాస్తవం. కాని 2017 జూన్‌లో, మిగిలిన 70 కోట్ల డాలర్ల సుకూక్ గడువు అక్టోబరులో తీరబోతుండగా, కంపెనీ కొత్త వాదం లేవదీసింది. తన సుకూక్ షరీఅత్‌కు అనుగుణంగా లేదనీ, కనుక చట్టవిరుద్ధమనీ, లాభాన్ని సగానికన్న తగ్గించి కొత్త పత్రాలు తీసుకోవాలనీ ప్రకటించింది. నవంబరు 17న లండను హైకోర్టు తిరిగి కొంటామన్న వాగ్దానం ఇంగ్లీషు చట్టం ప్రకారం చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2018లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

ఇందులో ఒక చేదు నిజం ఉన్నది. ఇట్టి సుకూక్‌లపై విమర్శ కొత్తది కాదు. ముదారబా వంటి భాగస్వామ్యాలలో నిర్వాహకుడు ముఖ విలువకు తిరిగి కొంటానని వాగ్దానం చేయడం తగదని బహ్రెయిన్‌లోని ఇస్లామీయ గణాంక ప్రమాణాల సంస్థ 'ఆయోఫీ' 2008లోనే ప్రకటించింది. విమర్శ సరియైనదే కావచ్చు. కాని డబ్బు తీసుకొనే నాడు ధర్మసమ్మతమని ధర్మవేత్తల సంతకాలు చూపించి, తిరిగి ఇవ్వవలసిన నాడు ధర్మవిరుద్ధమని అనడం ఏ ధర్మం? ఒప్పందం చెల్లదని తేలినా తీసుకొన్న అసలు తీసుకొన్నవాని సొత్తు కాబోదు గదా!

లేనివాడు, ఇవ్వనివాడు

క్రెడిట్ ఈవెంటు నిర్వచనంలో లేని ఒక ప్రశ్నను ఇస్లాం ముందుగా అడుగుతుంది. అతడు ఎందుకు చెల్లించలేదు? బజారుకు కారణంతో పని లేదు. లేనివాడైనా, ఉండి ఇవ్వనివాడైనా ఘటన ఒక్కటే, చెల్లింపు ఒక్కటే. షరీఅత్ ఈ ఇద్దరినీ వేరు చేస్తుంది. ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి కలిగే వరకు గడువు ఇవ్వాలనీ, మాఫీ చేయడం మరింత శ్రేయస్కరమనీ సూరా బఖరా 280వ ఆయత్ బోధిస్తున్నది. మరొక ప్రక్క, స్తోమత ఉండి కూడా వాయిదాలు వేయడం అన్యాయమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. మొదటివానికి గడువు, రెండవవానిపై ఒత్తిడి. సూరా తౌబా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఋణగ్రస్తులను కూడా చేర్చింది. అప్పు తప్పిన నిరుపేద భారాన్ని సాటి ఋణగ్రహీతల వడ్డీపై కాక, కలవారి సంపదపై పెట్టడం ఇందులోని విశేషం.

పూచీ విషయం కూడా ఇట్లాంటిదే. అప్పు మిగిల్చి మరణించిన ఒక వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (సఅసం) వెనుకాడగా, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పును తనపై వేసుకొన్నారు. అప్పుడు ఆయన నమాజు చేయించారు. ఇది కఫాలత్. ఇందులో రుసుము లేదు, పందెం లేదు. ఒక ముస్లిం మరొక ముస్లిం భారాన్ని ఎత్తుకొన్నాడు. పూచీ ఇచ్చినందుకు ప్రతిఫలం తీసుకోరాదని 1985లో జెద్దా సమావేశంలో అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ కూడా తీర్మానించింది. రుసుముకు అమ్మే పూచీ, అప్పే లేనివాడు కొనే పూచీ, ఎప్పుడు జరుగుతుందో తెలియని ఘటనపై చెల్లింపు—ఇవన్నీ కలిసిన స్వాప్ ఒప్పందాన్ని ధర్మవేత్తలు అధికసంఖ్యాకంగా ఎందుకు నిరాకరించారో పాఠకులు గ్రహించగలరు.

మనం అడగవలసినవి

ఇదంతా దూరదేశాల కోటీశ్వరుల గొడవ అనుకోవడం పొరపాటు. 2018, 2019 సంవత్సరాలలో హైదరాబాదు, బెంగుళూరు నగరాలు కేంద్రంగా హలాల్ లాభం పేరుతో డబ్బు వసూలు చేసిన సంస్థలు చెల్లింపులు నిలిపివేయగా వేలాది ముస్లిం కుటుంబాలు వీధిన పడ్డాయి. కూతురి పెళ్ళికని దాచుకొన్నవారు, గల్ఫులో చెమటోడ్చి సంపాదించినవారు, వితంతువులు వారిలో ఉన్నారు. వడ్డీకి భయపడి బ్యాంకును వదిలినవారే అట్లా మోసపోవడం మరింత బాధాకరం.

కనుక డబ్బు అప్పగించే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. నా డబ్బు ఏ ఆస్తిలోకి వెళుతున్నది? ఆ ఆస్తి పత్రం ఎవరి పేర ఉన్నది? సంస్థ కూలిపోతే ఆ ఆస్తిపై మొదటి హక్కు ఎవరిది? వ్యాపారంలో నష్టం వచ్చిన నెల కూడా అదే లాభం ఇస్తామంటున్నారంటే అది ఎక్కడి నుండి వస్తున్నది? సంస్థ ఏ ప్రభుత్వ నియంత్రణ క్రింద నమోదైనది? హామీ ఇచ్చేవాని స్తోమత ఎంత? గడ్డం, టోపీ, బిస్మిల్లాతో మొదలయ్యే కరపత్రం వీటిలో ఏ ఒక్కదానికీ సమాధానం కావు.

ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ సూరా బఖరా 282వది. అది అప్పును వ్రాతపూర్వకంగా, గడువుతో, సాక్షులతో స్థిరపరచుకొనమని ఆదేశిస్తున్నది. నమ్మకం ఉన్నచోట వ్రాత ఎందుకని మనలో కొందరంటారు. వ్రాత అవిశ్వాసానికి గుర్తు కాదు, విశ్వాసానికి కంచె. అప్పు తప్పే ప్రమాదం మనుష్యులున్నంత కాలం ఉంటుంది. దానిని పందెపు సరుకుగా మార్చడమా, లేక ఇచ్చేవాడు విచారించి, తీసుకొన్నవాడు మాట నిలుపుకొని, లేనివానిని సమాజం ఆదుకొనే మార్గాన నడవడమా అన్నది మాత్రం మన చేతిలో ఉన్నది.